మలాయి మీద చార్జిషీటు

భీమారావు గారు ఎవర్నీ ఎప్పుడూ నోటితో తిట్టలేదు. తిట్టాలనిపిస్తే కాగితం మీద తిట్టేవారు. మూడు ప్రతులు, మధ్యలో కార్బన్ పేపరు, కింద తేదీ, పొడి సంతకం. 'ఈ కాగితం అందిన పది రోజుల్లోగా మీ సంజాయిషీ దాఖలు చేయవలసింది' అన్న వాక్యం పడనిదే ఆయనకి కోపం వచ్చినట్టు లెక్క కాదు.

పేరుకి భీమారావే గానీ మనిషి నలభై తొమ్మిది కిలోలు, అదీ జేబులో నాలుగు కలాలతో కలిపి తూస్తే. రాయపూర్‌లో రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లపాటు సిబ్బంది మీద చార్జిషీట్లు తయారుచేసే సీట్లో కూర్చున్నారు. రిటైరైన రోజున మెడలో దండ వేసి, చేతిలో గోడగడియారం పెట్టి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్న సరిగ్గా తొమ్మిదిన్నరకి ఆ ఊళ్లోనే గుఢియారి పేటలో తన సొంతింటి వరండాలో బల్ల వేసుకుని, ఆ గడియారం ఎదురుగా తగిలించుకుని, మళ్లీ డ్యూటీ ఎక్కేశారు.

మొదటి నెలలోనే కొడుకు మురళీమోహన్‌కి ఒక చార్జిషీటు పడింది. నేరం: నయా రాయపూర్ ఆఫీసు నుంచి వస్తూ కొత్తిమీర మరచుట, మూడోసారి. ప్రెషర్ కుక్కర్‌ని సస్పెండ్ చేశారు. నేరం: పూజలో ఉన్న పెద్దల్ని అకారణంగా భయపెట్టుట. విచారణ తేలేవరకు అది అటక మీద పదిహేను రోజులు కూర్చుంది, ఇల్లంతా పప్పు గిన్నెలో ఉడకడం కోసం పదిహేను రోజులు ఎదురుచూసింది.

పాలవాడి సంగతి మరీ విచిత్రం. నీళ్లు కలుపుతున్నాడని అతనికీ ఒక కాగితం ఇచ్చారు, తెలుగులో. పాలవాడు ఛత్తీస్‌గఢీ మనిషి. గుండ్రంగా ముద్దుగా ఉన్న ఆ అక్షరాలూ, కింద సంతకం, పక్కన గుండ్రటి రబ్బరు స్టాంపూ చూసి, అదేదో మెచ్చుకుని ఇచ్చిన పత్రం అనుకున్నాడు. పటం కట్టించి, దండ వేసి గేదెల కొట్టంలో తగిలించాడు. అంత గౌరవం దక్కాక నీళ్లు కలపడానికి అతనికి చెయ్యాడలేదు. ఆ వారం నుంచి పాల మీద మీగడ చాపలా కట్టింది.

ఈ కాగితాల తంతు ముప్పై ఏడేళ్లుగా చూస్తున్న రంగనాయకమ్మ గారిది ఒకటే బాధ. ఆవిడ పోట్లాడదామనుకున్నప్పుడల్లా ఎదురుగా మనిషి దొరికేవాడు కాదు, కాగితం దొరికేది.

ఆవిడ రాజ్యం వంటిల్లు. ఆ రాజ్యానికి సింహాసనం నల్లరాతి గట్టు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తుడిచి, అందులో తన మొహం చూసుకుని, బొట్టు సరిచేసుకునేది. ఆ వంటింట్లో ఆవిడకి నచ్చని వస్తువు ఒక్కటే: కిటికీ కింద ఉన్న నడుమెత్తు టేకు స్టూలు. పెళ్లయిన కొత్తలో భీమారావు గారు ఏదో వేలంలో పాడి తెచ్చారు. ఎందుకండీ అంటే 'పనికొస్తుంది' అన్నారు. ఏ బల్లకీ సరిపోదు, ఏ మూలా ఇమడదు. క్వార్టర్లు రెండు మారి, సొంతిల్లు కట్టుకున్నా ఆ స్టూలు వెంట వచ్చింది. ఆవిడ దాన్ని తిడుతూ, దాని మీదే కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ముప్పై ఏడేళ్లుగా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

అలాంటి వంటింట్లోకి పిల్లి వచ్చింది.

రెండువేల పన్నెండు వానల్లో తడిసి ముద్దయి, మురళీమోహన్ స్కూటరు కింద దూరింది. తెల్లటి పిల్లి. కోడలు పూర్ణిమ పాలు పోస్తే పాలు వదిలేసి మీగడ మాత్రం తిన్నది. అందుకని పూర్ణిమే దానికి మలాయి అని పేరు పెట్టింది. వరండాలో ఉన్నన్నాళ్లూ రంగనాయకమ్మ గారు ఏమీ అనలేదు. అది భీమారావు గారి బల్ల మీద కార్బన్ పేపర్ల పక్కన గుమస్తాలా కూర్చునేది. ఆయన రాస్తూ రాస్తూ, 'ఏమంటావు?' అని అడిగేవారు. అది కళ్లు మూసుకునేది. 'అయితే సరే' అని సంతకం పెట్టేవారు.

చలికాలం దాటాక ఒక రోజు రంగనాయకమ్మ గారు వంటింట్లోకి వెళ్లేసరికి మలాయి గట్టు మీద ఉంది. తోడు పెట్టిన పెరుగు గిన్నె పక్కన కూర్చుని, మూతి తుడుచుకుంటోంది.

ఆవిడ పెట్టిన కేకకి వీధిలో ఇద్దరు సైకిళ్లు దిగారు.

మామూలు రోజుల్లో అయితే కేకతో సరిపోయేది. కానీ శ్రీరామనవమికి ఇంకా ఇరవై ఏడు రోజులే ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్ల సంఘంలో నవమి పులిహోర ఎవరింట్లో కలిపితే వాళ్లది ఆ ఏడాదంతా పెద్దపీట. పదకొండేళ్లుగా ఆ గౌరవం రాజశ్రీ గారింట్లో పాతుకుపోయింది. ఈ ఏడు ఆవిడ మోకాలి నొప్పి వల్ల వదులుకుంది. రంగనాయకమ్మ గారి పేరు పైకి వచ్చింది. కాకపోతే నవమికి వారం ముందు కమిటీ వచ్చి వంటిల్లు చూసి ఒప్పుకోవాలి. కమిటీకి పెద్ద నళిని గారు. సబ్బుని కూడా కడిగి వాడే మనిషి.

"పదకొండేళ్లు చూశానండీ ఈ పులిహోర కోసం," అంది రంగనాయకమ్మ గారు, వరండాలోకి వచ్చి. "గట్టు మీద పిల్లి వెంట్రుక ఒక్కటి కనపడిందో, నళిని గారు ఇంకో పదకొండేళ్లు మన గుమ్మం తొక్కదు. తిల్దాలో మన మణిదీప్ పనిచేసే రైస్‌మిల్లులో ఎలకలు బోలెడు. వాడు రేపు వస్తున్నాడు. గోనెసంచి కూడా తీసి ఉంచాను. ఛలో, పంపించేద్దాం."

మేనల్లుడి కోసం తీసి ఉంచిన ఆ గోనెసంచి వంటింటి తలుపు మేకుకి వేలాడుతోంది. భీమారావు గారు దాన్ని చూశారు. మలాయిని చూశారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"చార్జిషీటు ఇవ్వకుండా ఎవర్నీ పంపడానికి వీల్లేదు," అన్నారు.

"అది పిల్లండీ!"

"పిల్లయినా సరే. రూలు రూలే. పది రోజులు టైమివ్వాలి. తర్వాత విచారణ. తర్వాత ఆర్డరు."

"కమిటీ ఇరవయ్యో రోజున వస్తుంది!"

"దానికి ముందే తేలుస్తాను."

ఆయనతో వాదించడం అంటే రైలు పట్టాతో వాదించడమే. రంగనాయకమ్మ గారు వేలు చూపించి చెప్పింది: "సరే. కమిటీ వచ్చే రోజు వరకే ఆగుతాను. ఆ రోజు ఇది గట్టెక్కిందా, సాయంకాలం బండికి తిల్దా. అప్పుడు మీ రూలూ లేదు, మీ కార్బనూ లేదు."

గంటలో కాగితం తయారైంది.

'శ్రీమతి మలాయి, హోదా: పిల్లి, పనిచేయు చోటు: వరండా. తమరు పై తేదీన ఉదయం ఎనిమిదీ పదికి, అనుమతి లేకుండా, విధి నిర్వహణకు సంబంధం లేని వంటగట్టునెక్కి, పెరుగు అనబడు పదార్థమునకు అతి సమీపమున, మూతి తుడుచుకొను భంగిమలో పట్టుబడిరి. దీనిపై తమ సంజాయిషీని పది రోజుల్లోగా...'

మలాయి ముందు పెట్టి, "అందినట్టు సంతకం," అన్నారు. అది కాగితాన్ని వాసన చూసి, దాని మీదే పడుకుంది. 'ముద్దాయి కాగితం తీసుకోవడానికి నిరాకరించినందున' అని రాసి, పూర్ణిమని, పాలవాడిని సాక్షులుగా నిలబెట్టి, ఒక ప్రతి ఫ్రిజ్ తలుపుకి అతికించారు. సాక్షి సంతకం పెట్టిన పాలవాడు ఆశగా చూశాడు, పిల్లికిచ్చారు సరే, తనకి రెండోది ఎప్పుడిస్తారని.

ఆ పది రోజులూ రంగనాయకమ్మ గారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పూర్ణిమ ఫోనులో చూసి చెప్పిన ఉపాయాలన్నీ ప్రయోగించింది. నారింజ తొక్కలు గట్టంతా పరిచింది. మలాయి వాటితో బంతాట ఆడి ఒక తొక్కని భీమారావు గారి చెప్పులో దాచుకుంది. గట్టు అంచున రెండువైపులా అంటుకునే టేపు వేసింది. ఆ టేపుకి మొదట ఆవిడ కొంగు, తర్వాత గరిటె, తర్వాత ఆ గరిటెని పీకబోయిన మురళీమోహన్ అంటుకున్నారు. మలాయి మాత్రం అంటుకోలేదు, ఫ్రిజ్ పక్కన కూర్చుని ముగ్గుర్నీ చూసింది. వెండి కాగితం పరిస్తే, నడిచినప్పుడల్లా అది చేసే చప్పుడు దానికి భలే నచ్చింది. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా పట్టుకుని మాటు వేస్తే, ఆవిడ ఉన్నంతసేపూ గట్టు వైపు చూడకుండా, బజారుకి వెళ్లగానే ఎక్కడం నేర్చుకుంది. ఆ సీసాలోంచి గురి తప్పిన నీళ్లు ఒకసారి భీమారావు గారి కాగితాల మీద పడ్డాయి. 'రికార్డు తడుపుట' అని ఆవిడకీ ఒక చార్జిషీటు వచ్చింది.

"నాకు కూడానా?"

"రూలు అందరికీ ఒకటే."

పదకొండో రోజు ఆదివారం. విచారణ.

ముద్దాయి తరఫున నూకరాజు వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. చార్జిషీటు పడ్డ ప్రతి కార్మికుడి తరఫునా పాతికేళ్లు వాదించాడు. అంటే ఆఫీసులో భీమారావు గారికి ఆగర్భ శత్రువు, బయట ఒకే ప్లేటులో సమోసా పంచుకునే స్నేహితుడు. అతను గుసగుసలాడితే ఊరవతల మందిర్ హసౌద్ దాకా వినిపిస్తుంది. ఆ రోజు అతను గుసగుసలాడలేదు.

భోజనాల బల్లకి ఒక కొసన భీమారావు గారు, మధ్యలో కుర్చీలో మలాయి, ఇటు సాక్షి రంగనాయకమ్మ గారు.

"వదినమ్మా, దైవసాక్షిగా సెప్పాల. పిల్లి గట్టెక్కడం నువ్వు కళ్లారా సూసేవా?"

"చూడకపోతే కలగన్నానా?"

"అది జవాబు కాదు. సూసేవా, నేదా?"

"చూశాను. పెరుగు పక్కన కూర్చుని మూతి తుడుచుకుంటోంది."

"మూతి తుడుసుకుంటంది! అంటే శుభ్రత తెలిసిన మనిషి. రాసుకో భీమన్నా."

"మనిషేమిటి నూకరాజూ, పిల్లి!"

"సాక్షి కోప్పడతన్నారు. అదీ రాసుకో."

భీమారావు గారు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు.

"మరి ఆ పెరుగు గిన్నె మీద మూతుందా?"

రంగనాయకమ్మ గారు కొంచెం సర్దుకుంది. "అప్పుడే తోడు పెట్టి... మూత కోసం వెతుకుతున్నాను."

"మూత నేదు," అని నూకరాజు లేచి, లేని కోర్టు వైపు తిరిగాడు. "గట్టెక్కకూడదని ముద్దాయికి ముందుగా రాసి ఇచ్చేరా?"

"పిల్లికి చదువొచ్చా?"

"సదువు రాదని వదినమ్మే ఒప్పేసుకున్నారు! సదువు రానోళ్ల మీద చార్జిషీటు ఎలగేత్తారన్నా?"

"ఎవరి పక్షం నువ్వు?" అంది రంగనాయకమ్మ గారు. "పొద్దున్న తిన్న ఉప్మా ఎవరింటిది?"

"ఉప్మా నీదే, కేసు దీనిది." నూకరాజు మలాయి తల నిమిరి, గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు నాలుగిళ్లు మాత్రమే విన్నాయి. "ఒకటే అడుగుతాను. గట్టెక్కింది, గట్టెక్కింది అంటన్నారు. అసలెందుకెక్కిందో ఎవులైనా అడిగేరా?"

అందరూ మలాయిని చూశారు. అది ఆవలించింది.

"స్థల పరిశీలన," అన్నారు భీమారావు గారు. లేచి వంటింట్లోకి వెళ్లి, నడుమెత్తు స్టూలెక్కి, అక్కణ్నుంచి గట్టెక్కి, మలాయి కూర్చునే మూలలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. మలాయి కూడా ఎగిరి ఆయన పక్కన కూర్చుంది.

తడి బట్టలు ఆరేసి వచ్చిన పూర్ణిమ గుమ్మంలో నిలబడిపోయింది. "అత్తయ్యా! మావయ్యగారు గట్టు మీద..."

"విచారణలో ఉన్నానమ్మా. ఆ పప్పుల డబ్బా కొంచెం అడ్డం తియ్యి."

నలభై నిమిషాలు కూర్చున్నారు. పిల్లి ఎటు చూస్తే అటు చూశారు. కిటికీలోంచి ఎదురింటి పిట్టగోడ, దాని మీద పావురాలు. సరిగా కట్టుకోని కొళాయి నుంచి చుక్క చుక్కగా నీళ్లు. గిన్నెలో పోసిన నీళ్లు ముట్టని మలాయి ఆ చుక్కల్ని నాలికతో అందుకుంటోంది. వెనకాల అన్నం కుక్కర్ వెచ్చదనం. ఇవన్నీ ఒకేచోట దొరికే జాగా ఇంట్లో ఇంకోటి లేదు. అన్నీ రాసుకున్నారు. రాసుకుంటూ ఒకసారి కలం ఆపి, కిందున్న స్టూలు వైపు చూసి తనలో తాను నవ్వుకున్నారు. రంగనాయకమ్మ గారు అది గమనించింది గానీ, గట్టు మళ్లీ తుడుచుకోవాలన్న కోపంలో పట్టించుకోలేదు.

మర్నాడు ఆర్డరు వచ్చింది. 'నేరము రుజువైనది. ముద్దాయికి శిక్ష: బదిలీ. ప్రమోషను మీద.'

గట్టుకి ఎదురు గోడకి ఇంకో కిటికీ ఉంది. దాని పక్కన గట్టుకన్నా రెండు జానల ఎత్తులో ఒక చెక్క బల్ల బిగించారు. నూకరాజే బిగించాడు, ముద్దాయి తరఫువాడు కాబట్టి కొంచెం వెడల్పుగా. బల్ల మూలన చిన్న కుండకి సన్నటి చిల్లు పెట్టి, కింద మూకుడు పెట్టారు. శివుడికి అభిషేకంలా చుక్కలు పడతాయి. ఈ కిటికీ బయట పిట్టగోడ మీద గింజలు చల్లితే పావురాలు తమంతట తామే ఇటు బదిలీ అయ్యాయి. మెత్తగా వేయడానికి ఏదైనా ఉందా అని వెతికి, భీమారావు గారు మేకుకి ఉన్న గోనెసంచి తీసి నాలుగు మడతలు పెట్టి పరిచేశారు.

"అది తిల్దా సంచండీ!"

"ఇంకోటి తెప్పించుకోవచ్చు."

ఇటు గట్టు మీద కొళాయి వాషరు మార్చారు. అన్నం కుక్కర్, తలుపున్న అలమరలోకి వెళ్లింది. ప్రతి గిన్నెకీ మూత. ఆర్డరులో ఇంకో మాట కూడా ఉంది: జీతం చెంచాడు మీగడ, బల్ల మీద మాత్రమే ఇవ్వబడును, గట్టు మీద ఉన్నప్పుడు తిట్టరాదు, బుజ్జగించరాదు, మాట్లాడరాదు, ఎత్తి కింద పెట్టవలెను.

ఈ ఆఖరి మాట రంగనాయకమ్మ గారికి ప్రాణం మీదికి వచ్చింది. తిట్టకుండా పిల్లిని దింపడం అంటే పోపు వేసి చప్పుడు రాకూడదనడమే. పెదవులు బిగించి రెండు రోజుల్లో పదిహేడుసార్లు దింపింది. మూడో రోజు ఆరుసార్లు. ఐదో రోజు ఒక్కసారి. ఆరో రోజు సాయంకాలం ఆవిడ గట్టు దగ్గర నిలబడి ఎదురుచూసింది, మలాయి రాలేదు. చూస్తే బల్ల మీద కాళ్లు చాపుకుని, కుండ కింద ముక్కు తడుపుకుంటూ పడుకుని ఉంది. జాయినింగ్ రిపోర్టు కోసం భీమారావు గారు దాని పాదానికి స్టాంపు సిరా రాసి కాగితం మీద అద్దించారు. మిగిలిన సిరాతో అది ఆయన తెల్ల పంచె మీద నాలుగు చోట్ల సంతకం చేసింది.

ఇరవయ్యో రోజు కమిటీ వచ్చింది. నళిని గారు, ఇంకా ముగ్గురు, మోకాలికి పట్టీతో రాజశ్రీ గారు కూడా.

నళిని గారు తెల్ల చేతిరుమాలు తీసి గట్టు ఈ కొస నుంచి ఆ కొసకి రాసి, వెలుగులో పట్టి చూసింది. మచ్చ లేదు. మూతలెత్తి చూసింది. మూతల మీద మూతలు. ఇంకా వెతకడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, భుజాన ఉన్న బ్యాగు తీసి గట్టు మీద పెట్టింది.

"పిల్లి ఉందని విన్నానే మీ ఇంట్లో," అంది రాజశ్రీ గారు, తీయగా.

పిలిచినట్టే మలాయి వచ్చింది. తోక నిటారుగా పెట్టి, ఐదుగురు ఆడవాళ్ల మధ్యనుంచి నడిచి, గట్టు కింద ఆగింది. తలెత్తి చూసింది. పైన కొత్త బ్యాగు. పిల్లులకి కొత్త బ్యాగుకన్నా గొప్ప ఆసనం లోకంలో లేదు. వెనక కాళ్లు ముడిచింది. రంగనాయకమ్మ గారి గొంతులో పదకొండేళ్ల పులిహోర అడ్డం పడింది. తిట్టకూడదు. మాట్లాడకూడదు. ఆవిడ కళ్లు మూసుకుంది.

దబ్బుమని చప్పుడైంది.

కళ్లు తెరిస్తే మలాయి ఎదురు కిటికీ బల్ల మీద ఉంది, గోనెసంచి మీద, తనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదన్నట్టు.

"వాహ్," అంది కమిటీలో ఒకావిడ.

సరిగ్గా అప్పుడే భీమారావు గారు గుమ్మంలోంచి వచ్చి, నళిని గారి చేతిలో ఒక కాగితం పెట్టారు. నళిని గారు పైకి చదివింది: "'బయట తిరిగి వచ్చిన బ్యాగును ప్రసాదము వండు గట్టు మీద ఉంచుట. పది రోజుల్లోగా సంజాయిషీ...'"

నళిని గారు బ్యాగు చూసింది, పిల్లిని చూసింది, భీమారావు గారిని చూసింది. బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది. రుమాలుతో ఆ చోటు తనే తుడిచింది.

"నా బ్యాగు మీద కేసు పెట్టిన వంటిల్లు ఇంతవరకు చూడలేదు," అంది. "పిల్లి ఎక్కని గట్టు మీద నేను బ్యాగు పెట్టాను. ఛీ. బస్, ఇంక చూసేదేమీ లేదు. పులిహోర ఇక్కడే."

నవమి నాడు నాలుగు వందల మంది తిన్నారు. నూకరాజు ఒక్కడే నలుగురి వాటా తిన్నాడు. గంగాళం అడుగు గీరుతున్న చప్పుడు పానకం పందిరి దాకా వినిపించింది. రాజశ్రీ గారు రెండోసారి పెట్టించుకుని, ఇంగువ ఎక్కడ కొన్నారని అడిగింది. రంగనాయకమ్మ గారికి ఆ ప్రశ్న సన్మాన పత్రం కన్నా ఎక్కువ.

మర్నాడు మధ్యాహ్నం నూకరాజు టీ తాగుతూ అన్నాడు: "వదినమ్మా, నీకో మాట తెలుసా? ముప్పై నాలుగేళ్లలో ఈయన చేతి చార్జిషీటు తిననోడు మా వర్క్‌షాపులో లేడు. ఉద్యోగం పోయినోడూ లేడు."

"అదెలా?"

"పైన సాబ్‌కి కోపం వస్తాది. 'వీణ్ని ఇయ్యాలే తీసేయండి' అంటాడు. ఈయన 'సరే సాబ్, రూలు ప్రకారం పది రోజులు' అంటాడు. ఆ పది రోజులకీ కోపం సగం. విచారణకి వాయిదాలేస్తాడు. మిగిలిన సగం అక్కడ. ఈలోగా మా ఇద్దరం సమోసా తింటా, ఆడెందుకు తప్పు చేసేడో ఎతుక్కునేవోళ్లం. పగలు నిద్రపోయేవోణ్ని రాత్రి డ్యూటీకేసేడు. గొంతు పెద్దదని గొడవపడ్డోణ్ని స్టేషన్లో మైకు ముందు కూకోబెట్టేడు. ఈయన కాగితాలన్నీ అందుకే తల్లీ. మనిషి కోపం కన్నా కాగితం నెమ్మదిగా నడుస్తాది."

నూకరాజు వెళ్లాక, మలాయి ఫైలు పెట్టెలో పెట్టి వస్తానని రంగనాయకమ్మ గారు తనే లేచింది. వరండా మూల ఇనప్పెట్టెలో ఇంటి ఫైళ్లన్నీ నంబర్ల ప్రకారం ఉన్నాయి. ప్రెషర్ కుక్కర్, పాలవాడు, రికార్డు తడిపిన ఆవిడ. అన్నిటికన్నా అడుగున, అట్ట పసుపు పట్టినది, ఒకటో నంబరు. తేదీ వెయ్యీ తొమ్మిది వందల డెబ్భై ఆరు. దాని మీద తన పేరు ఉంది.

'ఆరోపణ: కొత్తకోడలు వంటగట్టు ఎక్కి కూర్చొనుట. ఫిర్యాది: అమ్మ.'

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడి చదివింది. అత్తగారి మాటలు అత్తగారు చెప్పినట్టే రాసి ఉన్నాయి.

మొదటి వాయిదా: 'కోడలన్నది గట్టెక్కి కూకుంటాదా? రేపటి బండికి బొబ్బిలి పంపీరా.' రెండో వాయిదా: 'ఎక్కడమే కాదు, కాలు కూడా ఊపింది, రాయి.' మూడో వాయిదా: సాక్షి హాజరు కాలేదు. కారణం, కోడలి చేత తలంటు పోయించుకొనుచున్నారు. నాలుగు: 'చారు పరవానేదు.' ఐదు: 'చారు బాగుంటాది. అది కూడా రాయి.' ఆరు: సాక్షి హాజరు కాలేదు. కారణం, ఇద్దరూ కలిసి బజారుకు వెళ్లిరి. ఏడు: 'ఏటి ఫిర్యాదు? నానెప్పుడన్నాను? నోర్మూసుకుని అన్నం తిను.'

ఆఖరి పేజీలో విచారణాధికారి రాసుకున్నది: 'స్థల పరిశీలన చేయడమైనది. సదరు గట్టు మీద కూర్చుంటే తప్ప సాయంకాలం విశాఖ వెళ్లు పాసింజరు కనపడదు. ముద్దాయి పుట్టినూరు ఆ దారిలోనిదే. బండి కనపడగానే ముద్దాయి చెయ్యి ఊపుటను స్వయముగా చూచితిని. ఆర్డరు: కిటికీ కింద నడుమెత్తు స్టూలు ఒకటి. బదిలీ, ప్రమోషను మీద.'

సాయంకాలం నాలుగింటికి భీమారావు గారు టీ కోసం వంటింట్లోకి వచ్చారు. టీ లేదు. రంగనాయకమ్మ గారు స్టూలెక్కి, స్టూలు మీంచి గట్టెక్కి, తుడిచిన నల్లరాతి మీద దర్జాగా కూర్చుని ఉంది. కాళ్లు ఊపుతోంది. చేతిలో ఒకటో నంబరు ఫైలు.

ఆయన కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ముప్పై ఏడేళ్లు నాకెందుకు చెప్పలేదండీ?"

"విచారణ గోప్యం," అన్నారు.

"ముద్దాయి మళ్లీ గట్టెక్కింది. చార్జిషీటు ఇవ్వరా?"

ఆయన జేబు తడుముకున్నారు. నాలుగు కలాలున్నాయి. కాగితం లేదు. జీవితంలో మొదటిసారి నోటితోనే చెప్పవలసి వచ్చింది. "పది రోజుల్లోగా సంజాయిషీ..."

"పది చాలవు. ఇరవై కావాలి."

"మంజూరు," అన్నారు. తర్వాత కొంచెం ఆలోచించి, "స్థల పరిశీలన కూడా ఉంటుంది," అని స్టూలెక్కి, ఆవిడ పక్కన జాగా చూసుకుని కూర్చున్నారు.

ఎదురు కిటికీ దగ్గర గోనెసంచి మీంచి మలాయి ఇద్దర్నీ చాలాసేపు కన్నార్పకుండా చూసింది. ఆ పూట ఆ వంటింట్లో రూలు ప్రకారం తన చోట తను కూర్చున్నది అదొక్కటే.